అత్తయ్య థైరాయిడ్ మాత్ర, నా లెక్క

మొన్న అత్తయ్య పాత ప్రిస్క్రిప్షన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "ఏమ్మా, డాక్టరుగారు 0.05 అని రాశారు, డబ్బా మీద 50 ఉంది. వెయ్యింతలు మింగేస్తున్నానా ఏంటి?"

అది థైరాక్సిన్ మాత్ర. చీటీలో మిల్లీగ్రాములు, డబ్బా మీద మైక్రోగ్రాములు. ఆ మాట అనేస్తే సరిపోయేది. కానీ నాకూ టెన్షన్ పట్టుకుంది. చిన్నప్పుడు "కిలో, హెక్టో, డెకా, మీటర్, డెసి, సెంటి, మిల్లి" అని వేళ్ల మీద పాడుకునేవాళ్లం. ఒక్కో మెట్టుకి పది. అదే ఊపులో మిల్లి తర్వాతి మెట్టు మైక్రో అనుకుని 0.05ని పదితో గుణించాను. 0.5 వచ్చింది! గుండె ఝల్లుమంది.

తప్పు ఎక్కడంటే, మిల్లి దాటాక మెట్లు పదేసి కావు, వెయ్యేసి. మిల్లి 10⁻³, మైక్రో 10⁻⁶, నానో 10⁻⁹. పాలబిల్లు వెనక రాశాను: 0.05 × 10⁻³ గ్రాములు అంటే 5 × 10⁻⁵. 50 × 10⁻⁶ అన్నా 5 × 10⁻⁵. రెండూ ఒకటే.

మైక్రోకి అసలు గుర్తు గ్రీకు అక్షరం మ్యూ. చేతిరాతలో అది 'ఎమ్'లా కనిపిస్తే మైక్రో కాస్తా మిల్లీ అయిపోయి, డోసు వెయ్యి రెట్లవుతుంది. అందుకే మందుల మీద 'ఎంసీజీ' అని వేస్తారు.

ఇంత చెప్పినా అత్తయ్య నమ్మలేదు. మెడికల్ షాపు కుర్రాడు "రెండూ ఒకటే మామ్మగారూ" అన్నాకే మాత్ర వేసుకున్నారు.