శాసనంలో లేని పేరు

సావనీర్ ప్రూఫు సాయంత్రం వాట్సాప్‌లో వచ్చింది. బైబిల్లోని యూదా రాజు హిజ్కియా మీద నేను రాసింది సగానికి తగ్గించారు. దానికి బాధ లేదు. కానీ నేను రాయని వాక్యం ఒకటి నా పేరు కింద ఉంది. "సొరంగం గోడ మీది శాసనంలో హిజ్కియా రాజు పేరు నేటికీ చూడవచ్చు" అట.

ఆ శాసనంలో ఏ రాజు పేరూ లేదు. 1880లో యెరూషలేములోని సిలోయము సొరంగంలో దొరికిన ఆరు వరుసలవి. రెండు వైపుల నుంచి తవ్వుకొస్తున్న పనివాళ్లకు, ఇంకా మూడు మూరల రాయి మిగిలుండగా అవతలి మనిషి కేక వినపడింది. చివరికి గునపానికి గునపం ఎదురైంది, నీళ్లు 1,200 మూరలు పారాయి. అందులో ఉన్నది ఇదే, తవ్వించినవాడి ఊసే లేదు. హిజ్కియా కాలువ తవ్వించాడని చెప్పేది బైబిల్లో రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయం. లిపి ఆ కాలానిదే, కార్బన్ పరీక్షలూ క్రీ.పూ. 700 దగ్గరే తేల్చాయి. అది ఆయనదే అనడానికి గట్టి ఆధారాలున్నాయి. అలా అనడం వేరు, పేరు చెక్కి ఉందనడం వేరు.

ఫోన్ చేస్తే సావనీర్ పని చూసే అన్నయ్య, "చదివేవాళ్ల విశ్వాసం బలపడుతుంది కదమ్మా, ఎందుకంత పట్టింపు" అన్నారు. పేరే కావాలంటే ఉంది కదా! యెరూషలేములోని ఓఫెల్ అనే చోట తవ్వకాల్లో దొరికి 2015లో బయటికి చెప్పిన మట్టి ముద్ర ఉంది, వేలి గోరంత. "యూదా రాజు, ఆహాజు కుమారుడైన హిజ్కియా" అని దాని మీద ఉంది. నేను రాశాను కూడా. జాగా లేదని ఉన్నదాన్ని తీసేసి, లేనిదాన్ని పెట్టారు. ఇదే మింగుడు పడటం లేదు.

మాస్టారు ఉంటే ఊరుకునేవారా? ఒక క్రిస్మస్ నాటకానికి ముగ్గురు జ్ఞానులకు కిరీటాలు అతికిస్తుంటే ఆయన వచ్చి, "ముగ్గురని ఎక్కడుందో చూపించండి" అన్నారు. మేమంతా మత్తయి రెండో అధ్యాయం మీద పడ్డాం. బంగారం, సాంబ్రాణి, బోళం ఉన్నాయి కానీ మనుషుల లెక్క లేదు. అప్పటికే అట్టలు కత్తిరించేశాం, పిల్లలేమో ఏడుపు మొహాలు పెట్టారు. ముగ్గురినీ వేదిక ఎక్కనిచ్చారు గానీ, తెర వెనక నుంచి చదివే నా కాగితంలో "వారెంతమందో మత్తయి రాయలేదు" అని ఆయనే స్వయంగా చేర్చారు. ఆ మాట విని ముందు వరుసలో ఒకావిడ మొహం చిట్లించింది. మాస్టారు మాత్రం నన్ను చూసి తలూపారు. ఆరోజు ఎవరి విశ్వాసమూ తగ్గలేదు.

కప్పం లెక్కలు తీసేశారని కూడా సాయంత్రం మండిపడ్డాను. క్రీ.పూ. 701లో దండెత్తి వచ్చిన అష్షూరు రాజు సన్హెరీబుకు హిజ్కియా కట్టింది 300 తలాంతుల (తలాంతు అంటే ఆ కాలపు తూకం) వెండి, 30 తలాంతుల బంగారం అని రాజుల గ్రంథం చెబుతుంది. సన్హెరీబు తన శాసనంలో బంగారం 30, వెండి 800 అన్నాడు. రాస్తూ రాస్తూ ఇప్పుడు అనిపిస్తోంది, ఈ ముక్క పోవడమే మంచిదేమో. ఆ రాజు సొంత గొప్ప కోసం చెక్కించుకున్నవాడు. 46 కోటలు పట్టానన్నాడు, హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానన్నాడు, యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం అనలేదు. ఇదంతా విడమరిచి చెప్పకుండా రెండు అంకెలు పక్కపక్కన పడేస్తే అమ్మ వయసు వాళ్లు అయోమయపడతారు. పోనీ బంగారం సరిపోయిందని ఒక్కటీ ఉంచితే? వెండి సంగతి దాచి అలా రాయడం మరీ తప్పు. రెండూ ఉండాలి, లేదా రెండూ పోవాలి. పోనివ్వండి.

సొరంగం శాసనం వాక్యం మాత్రం పోవాల్సిందే. చిన్నది ప్రూఫు చూసి, "అమ్మా, నిజంగా పేరు కనిపిస్తుందా, ఫోటో చూపించు" అంది. పొద్దున్నే అచ్చుకు వెళ్లేలోపు అన్నయ్యకు మళ్లీ ఫోన్ చేస్తాను. ఆ వాక్యం తీసి అక్కడ ముద్ర పెట్టమంటాను, అక్షరాల లెక్క దాదాపు అంతే వస్తుంది. కాదంటే నా పేరు తీసేయమంటాను.