మెర్విన్ కవితలు తెలుగు చేసిన తీరు

అమెరికన్ కవి డబ్ల్యూ.ఎస్. మెర్విన్ కవితల్ని తెలుగు చెయ్యడానికి పద్ధతి కూడా ఆయన దగ్గరే అరువు తెచ్చుకున్నాను. ఆయన గాలిబ్ గజళ్లు ఇంగ్లీషు చేసింది విమర్శకుడు ఐజాజ్ అహ్మద్ ఉర్దూ నుంచి మాటకు మాటగా రాసిచ్చిన వచనం, వివరణల ఆధారంగా. ఏడ్రియన్ రిచ్ లాంటి కవులూ అందులో ఉన్నారు. పుస్తకం 1971లో వచ్చింది. నేనూ ముందు ప్రతి కవితకీ పొడి వచనం రాసుకున్నాను. తర్వాత ఇంగ్లీషు పుస్తకం మూసేసి ఆ వచనంతోనే కుస్తీ.

మెర్విన్ విద్యార్థిగా ఉన్నప్పుడు పెద్ద కవి ఎజ్రా పౌండ్‌ని కలిస్తే, అనువాదాలు చెయ్యి, రోజుకి 75 పంక్తులు రాయి అన్నాడట. నాకు ఐదు నిలబడితే ఆ పూట పండగే.

చిక్కంతా 1967 నాటి ‘ది లైస్’ సంపుటిలోని కవితలతో వచ్చింది. కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు. ఒక పాదం పై పాదానిదో కింది పాదానిదో తేలదు, రెంటికీ అతుకుతుంది. తెలుగులో క్రియ చివర పడగానే వాక్యం తలుపు మూసేస్తుంది, చుక్క పెట్టినా పెట్టకపోయినా. నా మొదటి ప్రతుల్లో అన్నీ బుద్ధిగా ‘ఉంది’, ‘వచ్చింది’ అంటూ ఆగిపోయాయి.

దారి చూపించింది తన చావు తేదీని తెలియకుండానే ఏటా దాటిపోతున్నానని ఆయన రాసిన కవిత. దాని చివర పూర్తి క్రియ లేదు, దేనికో తెలియకుండానే తల వంచుతూ ఆగుతుంది. మనకి అసమాపక క్రియలకి కరువా? ‘వంచుతూ’, ‘వింటూ’, ‘దాటి’ అని వదిలేస్తే పాదాలు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ తేదీ 2019 మార్చి 15 అని ఇప్పుడు మనకి తెలుసు. ఆ కవిత పైకి చదువుతుంటే అది ఇబ్బంది పెడుతూనే ఉంటుంది.

లోకానికి ఆఖరి రోజున ఒక చెట్టు నాటాలని ఉందనే కవిత మాత్రం ఒక్క రాత్రిలో వచ్చేసింది. అందమైన ఊహ అనుకుని చేశాను. తర్వాత తెలిసింది, హవాయిలోని మావీ దీవిలో సారం పోయిన అనాస తోట నేల కొని, ఏళ్ల తరబడి 2,700కు పైగా తాటిజాతి చెట్లు నాటాడని. అప్పుడు నా ప్రతిలోంచి అలంకారాలు రెండు కొట్టేశాను.

మిత్రుల గోష్ఠిలో చదవడానికి డీటీపీకి ఇస్తే ప్రూఫులో నిండా చుక్కలు.

“అన్నా, ఫుల్‌స్టాప్‌లు మర్చిపోయినట్టున్నారు, నేనే పెట్టేశా.”

“పుణ్యముంటుంది తమ్ముడూ, తీసెయ్.”

అచ్చు వెయ్యాలంటే అనుమతి కావాలి. మన చట్టం ప్రకారం ఈ కవితల మీద హక్కులు ఇంకా ఉన్నాయి. ఉత్తరం రాసి పంపాను. ఈలోగా ఆయనకి 2009లో పులిట్జర్ బహుమతి తెచ్చిన ‘ది షాడో ఆఫ్ సిరియస్’ సంపుటి మొదలుపెట్టాను.