అక్లూజ్‌లో ఎర్ర వైన్, మేడ్చల్‌లో పోయిన ద్రాక్ష

వైన్ తోటలు చూడాలనుందంటే తెలిసినవాళ్ళందరూ నాసిక్ పేరే చెబుతారు. నాసిక్ చూశాను. శనివారం కావడంతో ముంబై కార్లు బారులు తీరాయి. మేం వెళ్ళిన చోట లోపలంతా పాటలూ, సెల్ఫీలూ, గ్లాసు కోసం క్యూ. కిటికీ బయటే తోట ఉంది గానీ దాని గురించి రెండు ముక్కలు చెప్పే మనిషి దొరకలేదు. ఆ చిరాకుతోనే ఈసారి అక్లూజ్ అనుకున్నాను.

అక్లూజ్ సోలాపూర్ జిల్లాలో ఉంది. చెరకు, జొన్న, ఎండ. హైదరాబాద్ నుంచి పుణె వెళ్ళే బస్సు కిటికీలోంచి మనం చూసేది ఇంతే. అక్కడ ఇటలీలోని టస్కనీ ద్రాక్షతో ఎర్ర వైన్ చేస్తున్నారని విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. అన్నదమ్ముల జంటలు మూడు కలిసి ఈ పని మొదలుపెట్టారు. అక్లూజ్‌కి చెందిన మోహితే పాటిల్ సోదరులు, ఢిల్లీకి చెందిన సేఖ్రీ సోదరులు, ఇటలీకి చెందిన సెక్కీ సోదరులు. కంపెనీ పేరు ఫ్రాటెల్లి. 2007లో మొదలై, ఫ్రాన్స్ నుంచి లక్షల మొక్కలు తెప్పించి మోటేవాడి, నిమ్‌గావ్, గార్వాడ్ అనే మూడు చోట్ల రెండు వందల ఎకరాలకు పైగా నాటారు. వైన్ చేసే బాధ్యత టస్కనీకి చెందిన పియెరో మాసీ తీసుకున్నారు. నాకు ఆసక్తి కలిగించింది ఈ కుటుంబాల సంగతే. డబ్బు పెట్టేవాళ్ళూ, భూమి ఉన్నవాళ్ళూ, పని తెలిసినవాళ్ళూ ఒకచోట చేరడం వ్యవసాయంలో అరుదు.

రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సోలాపూర్. అక్కడ టాక్సీ స్టాండు దగ్గర రానూపోనూ ఆరువేలు అన్నారు. అక్లూజ్ వంద కిలోమీటర్ల పైచిలుకు, రాత్రి అక్కడే ఉండాలి, నిజమే, అయినా ఆరువేలు చాలా ఎక్కువ. మరాఠీ రాక హిందీలో బేరమాడుతుంటే వెనకనుంచి ఒకాయన, "యాడికెల్లి వచ్చిండ్రన్నా?" అన్నాడు. మా ప్రయాణమంతా ఆయనదే అయిపోయింది. నాలుగువేల ఐదొందలకి ఒప్పుకున్నాడు.

సోలాపూర్‌లో తెలుగు వినపడుతుందని తెలుసు. తెలంగాణ నుంచి పద్మశాలీలు మగ్గాల పని కోసం తరతరాల కిందట అక్కడికి చేరారు, సోలాపూర్ దుప్పట్లలో వాళ్ళ చేతులున్నాయి. అయినా ఆయన నోట ఆ మాటలు వింటుంటే మా ఆవిడ ముందు సీటు మీదికి వంగి మరీ విన్నది. వాళ్ళ తాత కరీంనగర్ దిక్కు నుంచి వచ్చాడట. నాన్న పవర్‌లూమ్ మీద తువ్వాళ్ళు నేశాడు. ఈయన కారు కొనుక్కున్నాడు. మెడలో తులసి మాల. మాంసం ముట్టడు, మందు ముట్టడు, ఏటా ఆషాఢంలో పండరిపురం పోయే పల్లకీ, అదే పాలకీ వెంట కొంతదూరమైనా నడుస్తాడు. తుకారాం పాలకీ అక్లూజ్ మీదుగానే పండరిపురం పోతుందని, అక్కడ గుర్రం పరుగెత్తే రింగణం చూడాలంటే పుణ్యముండాలని దారంతా చెప్పాడు.

పండరిపురం దారిలోనే ఉంది. దిగకుండా పోవడం ఆయనకి ఇష్టం లేదు. ముఖ దర్శనం క్యూ తొందరగానే కదిలింది. బయటికొచ్చాక మా ఆవిడకి మనసు కుదుటపడలేదు, దేవుణ్ణి చూసి నేరుగా వైన్ తాగడానికి పోవడమేంటని. ఆయనే సర్దిచెప్పాడు. "వాళ్ళు పెట్టింది ద్రాక్షతోటేనమ్మా. తోట చూస్తే తప్పేంది?"

తోటలోకి వెళ్ళేసరికి పదకొండు దాటింది. ఫిబ్రవరి. వాళ్ళకి కోతల కాలం. కోత తెల్లవారుజామునే ముగించేస్తారట, ఎండ ముదిరితే పండు వేడెక్కి రసం చెడుతుందని. యూరప్‌లో సెప్టెంబర్, అక్టోబర్‌లో కోస్తే ఇక్కడ జనవరి నుంచి మార్చి లోపు కోస్తారు. ఇక్కడ చలి తీగని పూర్తిగా నిద్రపుచ్చదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవిలో ఒకటి, వానలు తగ్గాక ఇంకొకటి. పంట మాత్రం ఒక్కటే తీసుకుంటారు. పండు పగటి ఎండకీ, చలికాలపు రాత్రి చల్లదనానికీ మధ్య పక్వానికొస్తుంది. రాత్రి చల్లగా ఉంటేనే పండులో పులుపు నిలుస్తుంది, పులుపు లేకపోతే ఎర్ర వైన్ పానకంలా ఉంటుందని తోట చూపించిన కుర్రాడు చెప్పాడు. అగ్రికల్చర్ చదివాడు, ఊరు పక్కనే. ఒక్క ప్రశ్నకి కూడా తొందరపడలేదు. నాసిక్‌లో నాకు దొరకనిది ఈ కుర్రాడే.

వరస మధ్యలో ఆగి ఒక గుత్తి నుంచి ఆ టస్కనీ ద్రాక్ష, సాంజొవేసె పండు తెంపి నా చేతిలో పెట్టాడు. బఠాణీ గింజ కంటే కాస్త పెద్దది. నలుపు మీద బూడిద పొర. వేలితో నలిపితే లోపలి గుజ్జులో రంగే లేదు, తెల్లగా ఉంది. రంగంతా తొక్కలోనే. తొక్క రుద్దిన చోట వేలు ఊదాగా మారింది, సాయంత్రం దాకా పోలేదు. నోట్లో వేసుకుంటే మనం కొనే సీడ్‌లెస్ కంటే తియ్యగా ఉంది, మరుక్షణం పులుపు, తరవాత తొక్క వగరు. "గింజ కొరకండి" అన్నాడు. కొరికాను. ఎండిన గింజలా పటపటలాడింది. గింజ పచ్చగా, చేదుగా ఉంటే ఇంకా వారమాగాలి, గోధుమరంగుకి తిరిగి పటపటలాడితే కోయొచ్చు. మిషన్లు చక్కెర శాతం చెబుతాయి, చివరి మాట మాత్రం గింజదేనట.

డ్రైవరన్న కూడా ఒక పండు తిన్నాడు. "అంతా గింజలే గదా. దీన్ని పైసలు పెట్టి చేసుడెందుకు?" అని కుర్రాణ్ణి మరాఠీలో అడిగాడు. వైన్‌కి తొక్క, గింజే కావాలి, నీళ్ళెక్కువున్న పెద్ద పండు పనికిరాదని వాడు చెబితే, ఆ మాట నాకు తెలుగు చేసి చెప్పి, "బరోబరే" అన్నాడు.

లోపల ట్యాంకుల దగ్గర ఆ ఉదయం కోసిన పండు ఇంకా చల్లగానే ఉంది. ఎర్ర వైన్‌కి రసాన్ని పిండి వేరు చేయరు, తొక్కలతోనే పులియనిస్తారు. పులిసేటప్పుడు పుట్టే గ్యాస్‌కి తొక్కలన్నీ పైకి తేలి గట్టి మూతలా పేరుకుంటాయి. కిందనుంచి రసం తోడి రోజూ ఆ మూత మీద పోస్తారు, అలా రంగూ, వగరూ దిగుతాయి. ట్యాంకు పైన నిలబడి చూశాను. ముదురు ఊదారంగు తొక్కల మీద రసం పడుతుంటే నురగ గులాబీరంగులో లేస్తోంది. ఆ వాసన కల్లుకి దగ్గరగా కాదు, కొత్త బెల్లానికీ కాదు. నా దగ్గర దానికి పోలిక లేదు.

టేస్టింగ్‌లో నేను ఎర్రవాటి కోసమే ఆగాను. షిరాజ్ ముందు వచ్చింది, మిరియం ఘాటు, నిండుగా ఉంది, నచ్చింది. కాబర్నే సావిన్యోన్ గట్టిగా పళ్ళు పట్టుకుంది. సాంజొవేసె దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. రంగు పల్చన. ముక్కు పెడితే పుల్లటి చెర్రీ, ఎండుటాకు. నాలుక మీద పులుపు ముందు పరుగెత్తి, వగరు వెనక నెమ్మదిగా వచ్చింది, నేరేడు పండు తిన్నాక నాలుక పట్టినట్టు. ఉదయం తోటలో నమిలిన పండులోని మూడు రుచులూ అదే వరసలో గ్లాసులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ వైన్ గురించి చదివిందంతా మాటలుగానే ఉండిపోయింది, తొక్క వగరు వేలికి అంటుకున్న రోజే అర్థమైంది.

సెట్టె చివర పోశారు. సాంజొవేసె, కాబర్నే కలిపి ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో నెలల తరబడి పెట్టినది. ఇది వీళ్ళ పేరు నిలబెట్టిన వైన్. ఓక్ వల్ల వగరు మెత్తబడింది, పొగ, వెనిలా తగిలాయి. గొప్పగా ఉంది. అయినా నా ఓటు ఆ పల్చటి సాంజొవేసెకే, అందులో చెక్క మాట్లాడదు, పండే మాట్లాడుతుంది.

రాత్రి గదిలో అసలు పరీక్ష పెట్టాను. పగలిచ్చిన చీజ్ ముక్కలు బాగానే ఉన్నాయి గానీ అవి మన నోటివి కావు. దారిలో ధాబాలో కట్టించుకున్న జొన్న భాకరీ (రొట్టె), సోలాపూర్ శేంగా (వేరుశనగ) చట్నీ, కొంచెం మటన్ రస్సా (పులుసు) ముందు పెట్టుకున్నాం. కాబర్నేతో రస్సా కుదరలేదు, కారం పెరిగింది, వగరుకి నోరు ఎండిపోయింది, నాలుక మండింది. షిరాజ్ పర్లేదు. సాంజొవేసెతో భాకరీ, వేరుశనగ చట్నీ నూనె కలిపి తింటే ఒకదాన్నొకటి లాగాయి. ఆ పులుపు నూనెని కోసేస్తుంది, మళ్ళీ ముద్ద పెట్టబుద్ధవుతుంది. మా ఆవిడ అసలు తాగనన్నది కాస్తా అర గ్లాసు తీసుకుంది. వైన్ మనకి పడదనేవాళ్ళు చాలామంది కారంతో కాబర్నే తాగి అలా అంటారని నా నమ్మకం. ఇంకొకటి, మన ఊళ్ళ షాపుల్లో సీసాలు నలభై డిగ్రీల ఎండలో నెలల తరబడి నిలబెడతారు, అందులో రుచి ఎక్కడ మిగులుతుంది?

పడుకునే ముందు మేడ్చల్ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు అటు పోతే ద్రాక్ష పందిళ్ళుండేవి. నాన్న స్కూటర్ మీద తీసుకెళ్ళేవాడు. తల వంచి పందిరి కింద దూరితే నెత్తి మీద అనాబ్-ఎ-షాహీ గుత్తులు, పొడుగ్గా, తేనెరంగులో. కత్తెర ఇచ్చి మనల్నే కోసుకోమనేవారు, గేటు దగ్గర తూకం. హైదరాబాద్ చుట్టూ పెరిగి దేశమంతా పేరు తెచ్చుకున్న ద్రాక్ష అది. ఆ పందిళ్ళలో చాలావాటి చోట ఇప్పుడు ప్లాట్లున్నాయి, గేటెడ్ కాలనీలున్నాయి. రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రంలో ఇంకా రకాలు పెంచుతున్నారు, సీజన్లో జనం పోయి కోసుకుంటారు, అదొక్కటే ఊరట. అనాబ్-ఎ-షాహీ తినే ద్రాక్ష, ఎర్ర వైన్‌కి పనికొచ్చేది కాదు, ఆ సంగతి తెలుసు. తీగ పని తెలిసిన చేతులు మాత్రం మన దగ్గర ఉండేవి. సోలాపూర్ ఎండలో మూడు ఇళ్ళ అన్నదమ్ములు ఇంత చేయగలిగినప్పుడు, మనం ఎకరం ధర లెక్కేసుకుని తీగలు పీకేశామన్న బాధ ఆ రాత్రి గట్టిగా పట్టుకుంది.

సీసాలు తెచ్చుకుందామంటే పక్క రాష్ట్రం సీసాతో మన ఎక్సైజ్ వాళ్ళకి దొరికితే టెన్షన్. అందుకే కొన్నది అక్కడే ముగించాం. వెళ్ళాలనుకునేవాళ్ళు జనవరి చివర నుంచి ఫిబ్రవరి ఆఖరు లోపు చూసుకోండి, మార్చి దాటితే తీగ మీద పండు ఉండకపోవచ్చు. ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోండి, గదులు తక్కువ. టాక్సీ స్టాండులో మొదటి రేటుకి ఒప్పుకోకండి, తెలుగులో కాస్త గట్టిగా మాట్లాడండి. శేంగా చట్నీ సోలాపూర్‌లోనే కొనుక్కోండి, నూనె విడిగా అడగండి.