చిట్టిగాడి ఈకలు

మా అబ్బాయి జూలైలో హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. వాడు పెంచుకున్న కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుక) చిట్టిగాడు మా దగ్గర మిగిలాడు. వినాయక చవితి నాటికి పంజరం అడుగున పరిచిన పేపరు మీద తెల్లటి నూగు కనపడింది. ఈకలు మార్చుకునే కాలమేమో అనుకున్నాను. దసరాకి చూద్దును కదా, రెక్కల కింద, తొడల లోపలి వైపు ఎర్రటి చర్మం తేలిపోయింది.

పాలకొల్లులో ఎవరిని అడిగినా పేలే అన్నారు. ఒకరు వేపనూనె రాయమన్నారు, ఇంకొకరు కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయమన్నారు. కొబ్బరినూనె రాశాను. ఎవరూ చేయకండి. ఈకలు అట్టకట్టి, ఆ జిడ్డు వదిలించుకోడానికి మరింత పీక్కున్నాడు. అట్టకట్టిన ఈకలు ఒంటి వేడి నిలపవు. ఆ రాత్రంతా ముడుచుకుని వణుకుతూనే ఉన్నాడు, నేను పక్కనే కూర్చున్నాను.

రాజమండ్రిలో పక్షుల్ని చూసే డాక్టరుగారు ఉన్నారంటే బయల్దేరాం. సిద్ధాంతం వంతెన మీద గాలికి పంజరం చుట్టూ తువ్వాలు కప్పి పట్టుకున్నాను. ఆయన ముందు చిట్టిగాడి తల చూశారు. "కుచ్చు, బుగ్గలు నిక్షేపంగా ఉన్నాయి చూడండమ్మా. సొంత ముక్కు అందని చోటు అదే. పీకేది వీడే. ఎందుకు పీకుతున్నాడో వెతకాలి," అన్నారు.

అప్పుడే వేసిన రెట్ట మైక్రోస్కోపు కింద పెట్టారు. ఏమీ లేదు. ఆ జీవి రోజూ బయటపడదు, మళ్ళీ రమ్మన్నారు. మూడోసారి దొరికింది: జియార్డియా. పేగుల్లో చేరే సూక్ష్మజీవి. కాకటీళ్ళకి అది సోకితే ఒళ్ళు దురదపెట్టి ఈకలు పీక్కుంటాయట. మెట్రోనిడజోల్ ఇచ్చారు. మోతాదు మాత్రం ఇక్కడ రాయను. వీడి బరువు 88 గ్రాములు. దాన్ని బట్టి లెక్కకట్టి ఇచ్చిన మందు అది. మన మాత్ర విరిచి వేస్తే ప్రాణం మీదికొస్తుంది. నీళ్ళ గిన్నెలో రెట్ట పడుతున్నా సాయంత్రం దాకా అవే నీళ్ళు ఉంచేదాన్ని. ఇప్పుడు కాచి చల్లార్చినవి, రోజుకి రెండుసార్లు మారుస్తున్నాను.

దురద తగ్గింది గానీ పీకడం ఆగలేదు. అసలు కష్టం అక్కడ మొదలైంది. ఏం తింటాడు, ఎక్కడ పడుకుంటాడు అని డాక్టరుగారు ఒక్కొక్కటీ అడిగారు. తినేది పొద్దుతిరుగుడు గింజలే. పడుకునేది హాల్లో, రాత్రి పదకొండు దాకా టీవీ పక్కన, కింద దోమలచుట్ట పొగ. మా వైపు దోమల సంగతి తెలిసిందే కదా. చెబుతుంటే నాకే గుండె కలుక్కుమంది. వీటికి రోజుకి 10–12 గంటల చీకటి, నిద్ర కావాలట. వెనక గదిలోకి మార్చి దోమతెర కట్టాం. గింజలు తగ్గించి కొర్రలు, మునగాకు, క్యారెట్ తురుము అలవాటు చేశాం. మునగాకు ముట్టుకోడానికే రెండు వారాలు పట్టింది.

ఇంకో మాట కూడా చెప్పారు. వాడు పీక్కున్నప్పుడల్లా నేను "వద్దురా చిట్టీ!" అని పరుగెత్తేదాన్ని. పీకితే అమ్మ వస్తుందని నేర్చుకున్నాడు. అప్పుడు ఊరుకుని, కుదురుగా ఉన్నప్పుడే వెళ్ళి పలకరించమన్నారు. చూస్తూ ఊరుకోవడం నాకు చాలా కష్టమైంది. దారి చూపింది మా అత్తయ్యగారు. చిన్నపిల్లలకి అల్లినట్టు కొబ్బరాకుతో బంతి అల్లి, లోపల కొర్రలు పోశారు. చిట్టిగాడు ఒక్కో ఆకుపాయనీ ముక్కుతో లాగి, చీల్చి, గింజ బయటికి వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఈకల జోలికి పోలేదు. రోజుకి రెండు బంతులు అల్లేవారు.

సంక్రాంతికి అబ్బాయి వచ్చేసరికి రొమ్ము మీద, తొడల మీద ముళ్ళలా కొత్త ఈకల మొలకలు లేచాయి. ఎడమ రెక్క కింద రూపాయి బిళ్ళంత చోట మాత్రం రాలేదు. అన్నిసార్లు పీకితే ఈక మొలిచే కుదురు చచ్చిపోతుందట. చిట్టిగాడు అబ్బాయి భుజం ఎక్కి తల వంచాడు. తల మీది మొలకలు తన ముక్కుకి అందవు కదా, అబ్బాయి వేళ్ళతో మెల్లగా నలిపితే మైనంలాంటి తెల్లటి పొర పొట్టుగా రాలి, వాడి నల్ల చొక్కా మీద పడింది.