బండి బరువెక్కిందంటారు

అమెరికాలో మోటార్‌సైకిల్ షోరూం సర్వీస్ సెక్షన్లో పనికి చేరాక గమనించాను, మా కస్టమర్లలో ఒక్కరూ తమకు వయసు మీద పడుతోందని చెప్పరు. "ఈ మధ్య బండి బరువెక్కింది" అంటారు. "సీటు మునుపటిలా లేదు" అంటారు. సీటు అదే, బండి అదే. మారింది మోకాలు, నడుము, మణికట్టు. మా నాన్న వయసు మనిషిని ఎక్కడ నొప్పి అని అడగడానికి మొదట్లో మొహమాటపడేవాణ్ణి. ఇప్పుడు టూల్ పట్టుకునే ముందు అడిగేది ఆ మాటే.

ఈ దేశంలో బైక్ ఓనర్ల మధ్యస్థ వయసు 1990లో 32. 2018 నాటికి 50 అయిందని మోటార్‌సైకిల్ ఇండస్ట్రీ కౌన్సిల్ సర్వే లెక్క. అంటే బండి ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది యాభై దాటినవాళ్లు. పైగా ఇక్కడ చాలామందికి బైక్ వారాంతపు సరదా, రోజూ ఆఫీసుకి వెళ్లడానికి కారు ఉంటుంది. ఇష్టపడి కొన్నది ఒళ్లు నొప్పి పెడితే ఎవరూ భరించరు. అమ్మేస్తారు, లేదా ఒంటికి తగ్గట్టు మార్పించుకుంటారు. మంచు కురిసే నెలల్లో బళ్లు రోడ్డెక్కవు కాబట్టి ఆ మార్పుల పనంతా మాకు చలికాలంలోనే.

మేము చూసేది మూడు చోట్లు: చేతులు పట్టుకునే హ్యాండిల్, కూర్చునే సీటు, కాళ్లు పెట్టే ఫుట్‌పెగ్‌లు. స్పోర్ట్స్ బైక్‌లో హ్యాండిల్ కిందికి, ఫుట్‌పెగ్‌లు వెనక్కీ పైకీ ఉంటాయి. వేగంగా పోతున్నంతసేపు ఎదురుగాలి ఛాతీని కాస్త ఎత్తి పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఒంటి బరువంతా మణికట్ల మీదే. పాతికేళ్లప్పుడు దాన్ని లెక్కచేయరు. నలభై దాటాక హ్యాండిల్ కింద రైజర్లు బిగించి, కాస్త ఎత్తుగా, దగ్గరగా తెమ్మని అడుగుతారు.

రెగ్యులర్‌గా వచ్చే ఒకాయన ఎత్తైన అడ్వెంచర్ బైక్ నడుపుతారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన బండి ఎక్కడం దగ్గరుండి చూశాను. సైడ్‌స్టాండ్ మీద బండి ఉండగానే ఎడమ ఫుట్‌పెగ్ మీద నిలబడి, గుర్రమెక్కినట్టు కుడికాలు వెనక ఉన్న సామాన్ల పెట్టె మీదుగా తిప్పారు. కాలు పెట్టె అంచుకి తగిలి ఆగింది. రెండు పాదాలూ నేలకి ఆనాలి, సీటు తగ్గించమన్నారు. సీటు తగ్గితే ఫుట్‌పెగ్‌కీ దానికీ మధ్య దూరం తగ్గి, మోకాలు ఇంకా ముడుచుకుంటుంది. ఆయనకి నొప్పి వచ్చేది అక్కడే. పోనీ ఫుట్‌పెగ్‌లూ దించుదామంటే, మలుపులో బండి వాలినప్పుడు అవి రోడ్డుకి గీసుకుంటాయి. చివరికి సీటు కొంచెం, ఫుట్‌పెగ్‌లు కొంచెం దించి, వెనక పెట్టె తీసేసి పక్కలకి బ్యాగులు పెట్టాం.

ఇలాంటి చిక్కుల్ని ఫ్యాక్టరీలోనే విప్పడం చూస్తే నాకు నిజంగా సంతోషం. హార్లీ డేవిడ్సన్ 2021లో తెచ్చిన పాన్ అమెరికా అనే అడ్వెంచర్ బైక్‌లో ఒక ఆప్షన్ ఉంది: బండి ఆగబోతుంటే సస్పెన్షన్ తనంతట తాను కిందికి దిగుతుంది, కదిలాక లేస్తుంది. పరుగెత్తేటప్పటి ఎత్తు, ఆగినప్పటి ఎత్తు వేర్వేరుగా దొరికాయన్నమాట. హోండా వాళ్ల భారీ బండి గోల్డ్ వింగ్‌కి రివర్స్ వచ్చింది 1988 మోడల్లో. అంత బరువైన బండిని కాళ్లతో వెనక్కి నెట్టలేనివాళ్లు ఆ ఒక్క స్విచ్ వల్ల ఎన్నో ఏళ్లు ఎక్కువ నడిపారు. అదీ కుదరనివాళ్లు మూడు చక్రాల ట్రైక్‌కి మారతారు. ట్రైక్‌ని చిన్నచూపు చూసే కుర్రాళ్లంటే నాకు కోపం. ఆగినప్పుడు బరువు మోయక్కర్లేదన్న ధైర్యం కొందరికి ఎంత పెద్దదో వాళ్లకింకా తెలీదు.

పెద్దవాళ్ల కోసం అనుకున్నవి కొత్తగా నేర్చుకునేవాళ్లకీ సరిగ్గా సరిపోతాయి. అదే సర్వే ప్రకారం ఓనర్లలో ఆడవాళ్ల వాటా 2009లో పదిశాతం, 2018లో 19 శాతం. హోండా రెబెల్ 500 సీటు ఎత్తు 690 మిల్లీమీటర్లే. మా షోరూంలో దాని మీద మొదటి బండి కొనే అమ్మాయి కూర్చుని దిగాక, పెద్ద క్రూయిజర్ అమ్మేసి వచ్చిన పెద్దాయన కూర్చుంటారు. క్లచ్ లివర్ నొక్కే పని లేకుండా గేర్లు మార్చుకోనిచ్చే హోండా ఈ-క్లచ్ కూడా అంతే. ఒకరికి వేళ్ల వాతం, ఇంకొకరికి ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆగిపోతుందన్న టెన్షన్.

కంపెనీలు చాలాకాలం జేబు నిండుగా ఉన్న పాత కస్టమర్ల వెంటే పడి పెద్ద బళ్లే చేశాయని నా అభిప్రాయం. కొత్తగా ఉద్యోగంలో చేరి, చదువు అప్పు తీరుస్తూ, గ్యారేజీ లేని అపార్ట్‌మెంట్లో ఉండే కుర్రాడికి తేలికైన, చౌకైన బండి కావాలి. ఈ మధ్య అలాంటివి కాస్త ఎక్కువగా కనిపిస్తున్నాయి.

ఎవరు వచ్చినా, ఏ వయసువాళ్లైనా, కొనేముందు రోజూ వేసుకునే బూట్లతోనే రమ్మంటాను. మడమ మందాన్ని బట్టే పాదం నేలకి ఆనుతుందో లేదో తేలుతుంది. వచ్చాక కనీసం ఇరవై నిమిషాలు సీటు మీద కూర్చోబెట్టి కబుర్లు చెబుతాను. రెండు నిమిషాలకి మెత్తగా అనిపించే ఫోమ్ కాసేపటికి అణిగిపోతుంది, అప్పుడు వాళ్లే కదలడం మొదలుపెడతారు.