అద్దె ఏసీ పెట్టే ముందు ఆ వేడి ఎవరి మీద పడుతుందో చూడండి

మా కలెక్టరేట్ కాన్ఫరెన్స్ హాలుకి 11 టన్నుల డక్టబుల్ ఏసీలు (గొట్టాల గుండా చల్లగాలి పంపేవి) రెండున్నాయి. మే నెలలో ఒకదాని కంప్రెసర్ కాలిపోయింది. రెండోది అప్పటికే అంతంత మాత్రంగా నడుస్తోంది. కొత్త కంప్రెసర్ రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరిగేది ఆ హాల్లోనే. అర్జీలు పట్టుకుని జిల్లా నలుమూలల నుంచి జనం వస్తారు. ముందున్నది రోళ్లు పగిలే రోహిణి కార్తె. భవనం ఎలక్ట్రికల్ పనులు చూసే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని) నేనే కాబట్టి, అద్దెకు ఏసీలు తెప్పించే బాధ్యత నా మీద పడింది. రేపు ఏ ఆఫీసులోనైనా ఇదే పని మీద పడేవాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

అందరూ ముందు ఇచ్చిన సలహా "జంబో కూలర్లు పెట్టించేయండి మేడమ్, చవకలో అయిపోతుంది" అని. అనంతపురంలోనో నిజామాబాద్‌లోనో అయితే నేనూ సరే అనేదాన్ని. మాది సముద్రానికి దగ్గరి జిల్లా. కూలర్ గాలిని చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీళ్లు ఆవిరి కావు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత కంటే కిందికి ఏ కూలరూ గాలిని దించలేదు. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే ఆ అంకె 24 దగ్గర ఉంటుంది, కాబట్టి అక్కడ కూలర్ ముందు హాయిగా కూర్చోవచ్చు. మా దగ్గర సముద్రపు గాలి తిరిగాక 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అది 29. పైగా తలుపులేసిన హాల్లో కూలర్ పెడితే తేమ లోపలే పేరుకుని చెమట ఆరదు. ఇదంతా నోట్‌ఫైల్లో అంకెలతో రాశాను. అలా రాయకపోతే "చవకది వదిలేసి ఖరీదైనది ఎందుకు తెచ్చారు" అని ఆడిట్‌లో తప్పకుండా అడుగుతారు.

తర్వాత లోడ్ లెక్క. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచే సుమారు వంద వాట్ల వేడి వస్తుంది. హాల్లో రెండొందల మంది ఉంటే 20 కిలోవాట్లు. ఏసీల లెక్కలో టన్ను అంటే మూడున్నర కిలోవాట్ల వేడిని తీయగలగడం కాబట్టి, మనుషుల వేడి తీయడానికే దాదాపు ఆరు టన్నులు కావాలి. దానికి పైకప్పు వేడి, కంప్యూటర్లు, తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలికొచ్చే గాలి కలపాలి. పాత యూనిట్లు రెండూ కలిపి 22 టన్నులు. అందుకని నాలుగు టన్నుల టవర్ ఏసీలు (నేల మీద నిలబెట్టేవి) హాలుకి ఆరు అడిగాను. కింద అర్జీదారులు టోకెన్ తీసుకుని కూర్చునే వెయిటింగ్ హాలుకి రెండు. ఈ రెండూ ఎందుకని మొదట చాలామంది అడిగారు. అధికారులు, అర్జీదారులు కలిసి కూర్చునే హాలుని చల్లబరుస్తాం సరే, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి మూడు గంటలు వంతు కోసం చూసే మనిషి ఆ మూడు గంటలూ కూర్చునేది కింద. ఆ రెండు ఏసీల విషయంలో నేను వెనక్కి తగ్గలేదు.

ఒక సప్లయర్ చక్రాలున్న స్పాట్ ఏసీలకి కొటేషన్ ఇచ్చాడు. తెచ్చి ప్లగ్గు పెడితే చాలు, పైపులు బిగించే పనుండదు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ ఒకే ఒక్క గొట్టం ఉండే ఆ రకం ఏసీ లోపలి గాలినే వాడుకుని వేడిని బయటికి తోస్తుంది. అలా బయటికి పోయిన గాలికి బదులు తలుపు సందుల్లోంచి, కిటికీ సందుల్లోంచి బయటి వేడిగాలి లోపలికి వస్తుంది. చిన్న సర్వర్ గదికి, అదీ ఒకటి రెండు రోజులకి పర్వాలేదు. జనం నిండే హాలుకి నేను ఒప్పుకోను.

ఏసీలు దొరకడం మరో టెన్షన్. వేసవిలో వీటిని అద్దెకిచ్చేవాళ్లలో చాలామందికి అసలు ఆదాయం పెళ్లిళ్లే. మూఢం ఉంటే సరుకు గోడౌన్‌లో ఖాళీగా ఉంటుంది. మంచి ముహూర్తాలుంటే మన ఫోన్ కూడా ఎత్తరు. అందుకే పంచాంగం చూసి, ముహూర్తాలున్న తేదీల్లో యూనిట్లు వెనక్కి తీసుకోకూడదని వర్క్ ఆర్డర్‌లో రాయించాను. ఈ వాక్యం లేకపోతే సరిగ్గా ఆ వారమే రెండు ఏసీలు "సర్వీసింగ్‌కి" వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

ఇక అసలు సంగతి. బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు అవుట్‌డోర్ యూనిట్లను హాలు పక్కన వరండాలో వరసగా పేర్చారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది సులువు. పైపు పొడవు తక్కువ, కిటికీ పక్కనే, నీడ కూడా ఉంది. అయితే ఆ వరండాలోనే జనం బెంచీల మీద కూర్చుంటారు. ట్రయల్ కోసం ఒకటి ఆన్ చేయగానే బెంచీ చివర కూర్చున్న పెద్దావిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లేచి, మెట్లు దిగి ఎండలోకి వెళ్లి నిలబడింది. పాస్‌పుస్తకంలో తప్పు దిద్దించుకోవడానికి వచ్చిందట. "లోపలికి వచ్చి కూర్చో అమ్మా" అంటే "ఆ గాలి కంటే ఎండే నయం తల్లీ" అంది.

నాలుగు టన్నుల ఏసీ హాల్లోంచి 14 కిలోవాట్ల వేడి లాగితే, అది వాడుకునే కరెంటు కూడా చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఒక్కోదానికి 18, 19 కిలోవాట్లు. ఆరింటికీ కలిపి వంద కిలోవాట్ల పైమాట. ఒక కిలోవాట్ గది హీటర్లు వంద తెచ్చి వరండాలో, మే నెలలో, అర్జీదారుల మోకాళ్ల ముందు పెట్టినట్టు. ఆ సాయంత్రమే అన్నీ తీయించి భవనం ఉత్తరం వైపుకి మార్పించాను. పైపు పొడవు పెరిగితే చల్లదనం కొంచెం తగ్గుతుంది, రాగి పైపుకి, మనుషులకి అదనపు ఖర్చూ అవుతుంది. సప్లయర్ గొణిగాడు, అకౌంట్స్ నుంచి ప్రశ్న వచ్చింది. ఇద్దరికీ అదే లెక్క చూపించాను. ప్రజల అర్జీలు వినడానికి పెట్టిన హాలుని ఆ ప్రజల మీదికి వేడి ఊది చల్లబరచడం నా చేతుల మీదుగా జరగకూడదనుకున్నాను.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎనిమిది యూనిట్లకి సుమారు 40 కిలోవాట్లు కావాలి. అంత లోడ్ పాత ప్యానెల్ మీద వేయలేం, భవనం జనరేటర్ అత్యవసర లోడ్‌కే సరిపోతుంది. విడిగా 82.5 కేవీఏ సైలెంట్ జనరేటర్ అద్దెకు తీసుకున్నాం. ఆ లోడ్‌లో గంటకు పదకొండు లీటర్ల దాకా డీజిల్ తాగుతుంది. డీజిల్ ఎవరు పోయించాలి అన్నది ముందే కాగితం మీద ఉండాలి. జనరేటర్‌కి ఎర్తింగ్ విడిగా చేయించండి, పొగ ఏసీ హాలు కిటికీల వైపు రాకుండా చూడండి. మా ఎలక్ట్రీషియన్ పెద్దాయన చెప్పిన ఇంకో మాట: మన తేమకి ఒక్కో యూనిట్ నుంచి గంటకు నాలుగైదు లీటర్ల నీళ్లు కారతాయి, బకెట్లు పెడితే మధ్యాహ్నానికి పొంగి ఫైళ్ల మీదికి పోతాయి. డ్రెయిన్ పైపు బయటి కాలువ దాకా వేయించాం. తలుపులకి ప్లాస్టిక్ స్ట్రిప్ కర్టెన్లు కూడా తగిలించాం.

వర్క్ ఆర్డర్‌లో "ఏసీలు 8" అని మాత్రమే రాసి వదిలేయకండి. మధ్యాహ్నం రెండింటికి, జనం నిండిన హాల్లో, మధ్య వరసలో 26 డిగ్రీలు ఉండాలని రాయించాను. చెడిపోతే ఎన్ని గంటల్లో మార్చాలో, సోమవారాలు టెక్నీషియన్ ఎక్కడ ఉండాలో కూడా అందులో ఉంది. చిన్న సప్లయర్లకి డబ్బు సంగతి ముందే విడమరిచి చెప్పాలి: అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, యంత్రాల అద్దె కాబట్టి ఆదాయపు పన్ను కింద 2 శాతం కోస్తారు, కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ (బిల్లు చెల్లించేటప్పుడే జీఎస్టీ కింద పట్టుకునేది) మరో 2 శాతం. ఇవి తెలియక తక్కువ కోట్ చేసినవాడు మధ్యలో చేతులెత్తేస్తాడు. బిల్లు ఎప్పుడొస్తుందన్నదే వాళ్ల అసలు భయం, అది న్యాయమైనదే. యూనిట్లు దిగిన రోజే కొలతల పుస్తకంలో రాసి సంతకాలు చేయించి, నా వైపు నుంచి ఒక్క రోజు కూడా ఆలస్యం లేకుండా చూశాను.

వచ్చే వేసవికి ముందుగానే రేట్ కాంట్రాక్ట్ (అద్దె ధరలు ముందే ఖరారు చేసుకునే ఒప్పందం) పెట్టుకుందామని ప్రతిపాదన పంపాను. అందులో మొదటి అంశం వెయిటింగ్ హాలు, రెండోది కాన్ఫరెన్స్ హాలు. చిల్లర్ ప్లాంట్ (నీటిని చల్లబరిచి పైపుల్లో భవనమంతా తిప్పేది) ఉన్న భవనాల్లో, ముఖ్యంగా ఆస్పత్రుల్లో, అద్దె చిల్లర్‌ని పాత పైపులకి కలిపి నడిపినవాళ్లు ఉంటే కింద రాయండి. పాత లైన్లలోని తుప్పు అద్దె మెషీన్‌లోకి పోకుండా స్ట్రెయినర్లు (చెత్త ఆపే జల్లెడలు) ఎక్కడెక్కడ పెట్టారు, హోస్‌ల అద్దె విడిగా తీసుకున్నారా అన్నవి నాకు తెలియాలి.