నల్ల అట్ట పుస్తకం

షార్జాలో 14 ఏళ్లు అబాయాలు, అంటే అక్కడి ఆడవాళ్లు తొడుక్కునే పొడవాటి పై అంగీలు, కత్తిరించాను. ఇంటికి డబ్బు పంపిన ప్రతిసారీ ఆ మొత్తాన్ని, ఆ రోజు దిర్హం ధరను నల్ల అట్ట పుస్తకంలో రాసుకునేవాణ్ణి. చెల్లెలి పెళ్లి, కొరిటెపాడులో ఇల్లు, నాన్న కంటి ఆపరేషన్ అన్నీ అందులోనే ఉన్నాయి. గల్ఫ్‌కు వెళ్లినవాడికి వేరే జాతకం అక్కర్లేదు.

జబ్బు సంగతి ముందు కత్తెరకు తెలిసింది. రంజాన్‌కు ముందు మా పనిలో రాత్రీ పగలూ తేడా ఉండదు. అలాంటి ఒక ఉదయం నా బొటనవేలు కత్తెర పిడిలోకి దూరలేదు. బలవంతంగా దూర్చి పని మొదలుపెట్టాను. టీ వేళకు తీయబోతే రాదు. పక్క మిషను మీద కూర్చునే మంగళగిరి కుర్రాడు చూసి, ఏమీ అడగకుండా మిషను నూనె డబ్బా నా ముందుకు జరిపాడు. మర్నాటి నుంచి అరగంట ముందే వచ్చి నా వాటా గుడ్డ కూడా కత్తిరించేవాడు. "మీరు సుద్దతో గుర్తులు పెట్టండన్నా, చాలు" అనేవాడు. మాది పీసు లెక్క. నాకిచ్చిన ప్రతి అరగంటా వాడి కూలిలోంచి పోయేదే.

గదిలో అందరూ ఏసీని తిట్టారు, నేనూ తిట్టాను. సెలవులో వచ్చినప్పుడు గుంటూరు కొత్తపేటలో డాక్టరు రక్తపరీక్షలు చూసి, ఏసీ వల్ల కాదు, వయసుతో వచ్చే అరుగుదలా కాదు అన్నారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటికి కాపలా ఉండవలసిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద పడుతుందట. సిగరెట్టు కూడా దీనికి తోడవుతుందని చెప్పి మాన్పించారు. మా బాబాయి మాత్రం "అది ఆడవాళ్లకు వచ్చేది కదరా" అన్నాడు. ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువన్నది నిజమే. జబ్బుకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మళ్లీ వెళ్లి ఇంకో ఏడాది లాక్కొచ్చాను. చివరికి లెక్క చూసుకున్నాను. అక్కడి చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులది గ్రాట్యుటీగా వస్తుంది. ఆ డబ్బును నెల మందుల ఖర్చుతో భాగించి చూసుకుంటూనే గన్నవరంలో విమానం దిగాను.

ఇప్పుడు తెల్లవారితే వేళ్లు కాలరులో వేసే బక్రంలా బిగుసుకుపోయి ఉంటాయి. వేడినీళ్లలో పెట్టుకుని గంటన్నర కూర్చుంటే తప్ప మడతపడవు. వేల కాజాలు తీసిన చేయి, సొంత చొక్కా గుండీ పెట్టుకోలేదు. మా ఆవిడ పెడుతుంది. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆవిడ క్యాలెండరులో ఆదివారాలకు ఎర్ర సున్నాలు చుట్టింది. ఫోలిక్ యాసిడ్ ఏ రోజో, కాలేయం పరీక్ష ఎప్పుడో కూడా ఆవిడకే గుర్తు.

మంగళగిరి కుర్రాడి రుణం ఎంతో కొంత తీర్చుకోగలిగాను. సెలవు రోజున బిర్యానీ తినిపించాను, ఊరికి వెళ్తుంటే వాళ్లమ్మకు చీర కొనిచ్చాను. ఇంట్లో ఆ దారి లేదు. పొద్దున్నే గుండీలు పెట్టినందుకు పెళ్లానికి ఏమిస్తాం? పెట్టేవాడిగా అలవాటైన మనిషికి పెట్టించుకోవడం చేతకాదు. అందుకే ఎవరికీ చెప్పకుండా, అదే పుస్తకంలో వెనక పేజీ నుంచి నా మీద అయ్యే ఖర్చు రాయడం మొదలుపెట్టాను. మందులు, పరీక్షలు, ఆటో.

మొన్న ముసురు పట్టిన రోజున కలం పట్టుకోవడమే కుదరలేదు. లెక్క తప్పిపోతుందని రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి ఇక ఆగలేక ఆవిడనే రాయమన్నాను.

పుస్తకం తిరగేసి చాలాసేపు చూసింది.

"మీరు పంపిన డబ్బుకు మేమెప్పుడైనా ఇలా రాసిపెట్టామా?" అంది.

నేను మాట్లాడలేదు. కలం తీసుకుని మందుల ఖర్చు రాసింది. దాని కింద ఆటో రాసింది. తర్వాత తల ఎత్తకుండానే, "ఇందాక తాగిన కాఫీ ఎంతకు వేయమంటారు?" అని అడిగింది.